నూరేళ్ళు నిండితే పెళ్ళీడు: ఎల్ఫుల ఇంటి బతుకును ఊహించడం ఎలా

ఫాంటసీ కథ రాద్దామని కూర్చున్న ప్రతివాడూ ముందు ఎల్ఫు చెవుల గురించే రాస్తాడు. ఎల్ఫులంటే యూరప్ కథల్లో మనిషి రూపంలోనే ఉండి వందల ఏళ్ళు బతికే జాతి. నేనూ అదే చేశాను. మొనదేలిన చెవులు, నడుము దాటిన జుట్టు, వెన్నెట్లో పాటలు, నడిస్తే ఎండుటాకు కూడా చప్పుడు చెయ్యదు. పదిహేను పేజీలు అయ్యాక మా ఇంట్లోవాళ్ళు చదివి ఒకటే అడిగారు: "అంతా బాగుంది గానీ, వీళ్ళింట్లో అంట్లు ఎవరు తోముతారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ పదిహేను పేజీలూ పక్కన పడేసి, ఆ ప్రశ్న దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. అప్పట్నుంచీ నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

దీని వెనక ఉన్న ఆలోచన చిన్నదే. ఎల్ఫులకు మనకన్నా ఎక్కువగా ఉన్నది ఆయుష్షు. దాన్ని తీసుకెళ్ళి వంటింట్లో, పెళ్ళి సంబంధాల్లో, అప్పుల పద్దులో, నోటి మాటలో పెట్టి చూడాలి. ఎక్కడ ఇరుక్కుంటుందో అక్కడ ఒక ఆచారం పుడుతుంది.

మొదలుపెట్టే ముందు: వీళ్ళు రైతులు

విల్లంబులూ పాలరాతి మేడలూ తర్వాత వచ్చి చేరినవి. ఉత్తర యూరప్ పల్లె నమ్మకాల్లో ఎల్ఫులు ఇంటి చుట్టుపక్కల ఉండేవాళ్ళు. 1020 ప్రాంతంలో సిగ్వత్ అనే ఐస్‌లాండ్ కవి, నార్వే రాజు కొలువులో ఉంటూ స్వీడన్ మీదుగా వెళ్తున్నాడు. రాత్రి బస కోసం తలుపు తడితే ఒక ఇంటావిడ లోపలికి రానివ్వలేదు. లోపల ఎల్ఫులకు బలి ఇస్తున్నారట, కొత్తవాళ్ళు రాకూడదట. ఆ చిరాకునంతా అతను పద్యాల్లో వెళ్ళగక్కాడు. ఐస్‌లాండ్ కథల్లో వీళ్ళ బంధువులను హుల్దుఫోల్క్, అంటే దాగిన జనం, అంటారు. ఆ జనం ఆవులు పెంచుకుంటారు, గడ్డి కోసుకుంటారు, కొత్త సంవత్సరం ముందు రాత్రి సామాను సర్దుకుని ఇల్లు మారతారు. ఇల్లు మారే ఎల్ఫులు! నాకైతే విల్లు పట్టుకున్నవాళ్ళకన్నా వీళ్ళే ఆసక్తిగా కనిపిస్తారు. ఎద్దుబండి మీద పరుపు చుట్ట ఎక్కిస్తున్న ఎల్ఫును ఒక్కసారి మనసులో చూసుకుని, ఆ తర్వాత కాగితం తీయండి.

మొదటి పని: మూడు అంకెలు

ఎన్నేళ్ళు బతుకుతారు, ఎన్నేళ్ళకు పెద్దవాళ్ళవుతారు, సగటున ఏ వయసులో పిల్లల్ని కంటారు. ఈ మూడే రాసుకోండి. నేను 900, 60, 100 పెట్టుకున్నాను. మీరు వేరే పెట్టుకోవచ్చు. కానీ ఒకసారి రాశాక మార్చకండి. పదో అధ్యాయంలో కథకు అడ్డొస్తోందని వయసు తగ్గిస్తే చదివేవాడు ఇట్టే పట్టేస్తాడు.

ఇప్పుడు 300 మంది ఉన్న ఒక ఊరు తీసుకోండి. పాతరేవు అనుకుందాం. జనం పెరక్కుండా తరక్కుండా ఉండాలంటే, జనాభాను ఆయుష్షుతో భాగిస్తే ఏడాదికి ఎన్ని పుట్టుకలో వస్తుంది. 300ను 900తో భాగించండి: మూడేళ్ళకు ఒక పురుడు, మూడేళ్ళకు ఒక చావు. 70 ఏళ్ళు బతికే మన ఊరైతే ఏడాదికి నలుగురు పుట్టేవాళ్ళు.

ఈ ఒక్క భాగహారంతో సగం సంస్కృతి తేలిపోతుంది. పాతరేవులో ఉయ్యాల ఇంటికొకటి ఉండదు, ఊరుమ్మడిది. మంత్రసాని మూడేళ్ళకోసారి చేసే పనిని మరిచిపోకుండా మధ్యలో మేకల పురుళ్ళు పోస్తూ చేతిని అలవాటులో ఉంచుకుంటుంది. పిల్ల పడిపోయి మోకాలు చీరుకుంటే మూడొందల మంది పరిగెత్తుకొస్తారు. పిల్లలకు అది ప్రేమలా ఉండదు, కాపలాలా ఉంటుంది.

60 ఏళ్ళ లోపువాళ్ళు మొత్తం ఇరవై మంది. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చూసి నడవండి. బాల్యాన్ని మూడింతలు సాగదీస్తే పాకే వయసు, పక్క తడిపే వయసు కూడా మూడింతలవుతాయి. ఎనిమిదేళ్ళపాటు పక్కబట్టలు ఉతకాలంటే ఏ జాతి అయినా పిల్లల్ని కనడం మానేస్తుంది. నేనైతే ఐదేళ్ళ వరకు మన పిల్లల్లాగే పెరుగుతారనీ, అక్కడి నుంచి నెమ్మదిస్తారనీ పెట్టుకున్నాను. దాంతో ఇంకో టెన్షన్ మొదలవుతుంది: ముప్ఫై ఏళ్ళపాటు టీనేజీలో ఉండి, ధడేల్మని తలుపు వేసుకునే కొడుకు. పాతరేవులో ఆ వయసు పిల్లలకు ఊరి చివర వేరే ఇల్లు కట్టారు. తలుపులు లేవు.

రెండో పని: పళ్ళు

ఎవరూ పట్టించుకోని విషయం ఇది. ఒక్క జత పళ్ళతో తొమ్మిదొందల ఏళ్ళు నమలడం కుదరదు. దారి ఏనుగు దగ్గర దొరికింది. ఏనుగుకు జీవితంలో దవడ పళ్ళు ఆరు విడతలు వస్తాయి, ఒకటి అరిగేసరికి వెనక నుంచి ఇంకొకటి. ఆరో విడత కూడా అరిగిపోతే అది ఇక మేత నమలలేదు.

ఎల్ఫులకూ ఆరు విడతలు ఇచ్చాను, నూట యాభై ఏళ్ళకొకటి. అందరూ ముప్ఫై ఏళ్ళవాళ్ళలా కనబడే చోట వయసు ఎలా తెలుస్తుందన్న చిక్కు కూడా దీనితోనే తీరింది. విడత మారిన కొద్దీ పన్ను రంగు కొంచెం ముదురుతుంది. పాతరేవులో "మూడో పళ్ళవాడు" అంటే మూడొందలు దాటినవాడు. పెళ్ళి చూపుల్లో పిల్లను నవ్వమంటారు. వయసు దాచుకోవాలనుకునేవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. విడతకూ విడతకూ మధ్య ఆరేడు నెలలు జావే గతి కాబట్టి, ఎవరింట్లోంచైనా జావ వాసన వస్తే వీధి వీధికీ తెలిసిపోతుంది: ఆవిడకు ఐదోవి వస్తున్నాయి.

మీరు పళ్ళే తీసుకోనక్కర్లేదు. వెంట్రుకలు, మోకాళ్ళు, కంటిచూపు, ఏదో ఒక అవయవం తీసుకుని తొమ్మిదొందల ఏళ్ళు వాడండి.

మూడో పని: వరసలు

తెలుగులో రాసేవాళ్ళకు ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది. మన భాషలో పలకరింపులోనే వయసు, వరస, మర్యాద అన్నీ ఉంటాయి. దాన్ని వాడుకోండి.

లెక్క చూడండి. ఇవాళ పుట్టిన పాపకు అమ్మానాన్నల వయసు వంద, వాళ్ళ అమ్మానాన్నలకు రెండొందలు, అలా ఎనిమిదో తరం వాళ్ళకు ఎనిమిదొందలు. అందరూ బతికే ఉంటారు. 2, 4, 8, 16 ఇలా 256 దాకా కూడితే 510 మంది. ఊళ్ళో ఉన్నదేమో మూడొందలమంది! అంటే ఊళ్ళోనే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పోతే ఒకే మనిషి మూడు నాలుగు వరసల్లో తగులుతుంది. మేనరికాలు బాగా నడిచిన కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఇది కొత్త కాదు, అటు నుంచి మామ, ఇటు నుంచి బావ. పాతరేవు అదే బాధను ఎనిమిది తరాల లోతున పడుతోంది. అందుకే బయటి సంబంధాలు తప్పనిసరి. ఎంత దూరమైనా సరే, అబ్బాయి తరఫువాళ్ళు మూడేళ్ళు ప్రయాణం చేసి పిల్లను చూసి వస్తారు. నచ్చకపోతే ఇంకో మూడేళ్ళు తిరుగు ప్రయాణం, దారి పొడుగునా మధ్యవర్తిని తిట్టుకుంటూ.

పలకరింపుకు నేను పెట్టిన సూత్రం: ఒకే విడత పళ్ళవాళ్ళు "నువ్వు" అనుకుంటారు, పై విడతవాళ్ళను "మీరు" అంటారు. కానీ రెండు వరసలున్నవాళ్ళు అవసరాన్ని బట్టి మారుస్తారు. ఒక ముక్క చూపిస్తాను. డెబ్భై ఏళ్ళ కుర్రాడు రేవు దగ్గర పడవ అడుగుతున్నాడు.

"అత్తా, పడవ ఇస్తావా? సాయంత్రానికల్లా తెచ్చేస్తా."

"మొన్న చేపల పంపకం అప్పుడు నన్నేమన్నావురా?"

"ఏమన్నాను?"

"'ఏడో అవ్వగారూ, మీరు పెద్దవారు, మీకు ముళ్ళ చేప ఎందుకండీ' అన్నావు. ఆ రోజు ఏడో అవ్వని. ఇవాళ అత్తని, నువ్వుని."

"అమ్మ వైపు నుంచి అత్తవే కదా."

"పడవ నాన్న వైపుది."

ఇందులో వయసు ఎంతో ఎవరూ చెప్పలేదు, చెవుల మాట రాలేదు. అయినా వీళ్ళు మనుషులు కాదని తెలుస్తుంది. ఇలాంటి సంభాషణలు మూడు రాసి చూడండి: ఒకటి అప్పు అడిగేది, ఒకటి మందలించేది, ఒకటి పెళ్ళికి పిలిచేది.

నాలుగో పని: ఒక నిజమైన ఊరి మీద తొమ్మిదొందల ఏళ్ళు పరచండి

అంకె ఎంత పెద్దదో మనసుకు తెలియాలంటే తెలిసిన నేల మీద కొలవాలి. ఇవాళ తెలుగునాట తొమ్మిదొందల ఏళ్ళ మనిషి ఉంటే ఆవిడ తిక్కన కన్నా ముందు పుట్టింది. రుద్రమదేవి రాజ్యం నాటికి పెద్ద మనిషి. కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన 1509 నాటికి నాలుగొందల ఏళ్ళకు దగ్గర్లో ఉంది. ఇదంతా చరిత్ర పుస్తకం సంగతి, కథకు పెద్దగా పనికిరాదు. వంటింట్లోకి రండి. మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకు ముందు కారమంటే మిరియాలే, మిరప అన్న మాటే అందులోంచి వచ్చింది. అంటే ఆవిడ నాలుగు శతాబ్దాలు మిరియాల చారు తాగాక ఈ ఎర్ర కాయ దిగింది. మనం అమ్మమ్మల కాలం నాటిదని మురిసిపోయే ఎర్రటి ఆవకాయ ఆవిడ దృష్టిలో కుర్రకారు వేషం. వేరుశనగ, టమాటా అయితే నిన్నగాక మొన్నటివి.

మీ ఎల్ఫుల లోకానికి కూడా ఇలాంటి మూడు రాకలు రాసుకోండి: ఒక పంట, ఒక పనిముట్టు, ఒక మాట. ప్రతి పాత్రా దేనికి ముందు పుట్టిందో, దేనికి తర్వాత పుట్టిందో గుర్తు పెట్టుకుంటే చాలు, భోజనాల దగ్గర గొడవలు వాటంతట అవే వస్తాయి.

మాట దగ్గర కాస్త జాగ్రత్త. పెద్ద వయసు ఎల్ఫు చేత గ్రాంథికం మాట్లాడిస్తే సరిపోతుందనుకుంటారు. రోజూ మనవలతో మాట్లాడేవాళ్ళు మనవల భాషే మాట్లాడతారు. పాత భాష కోపంలో, లెక్క పెట్టుకునేటప్పుడు, నొప్పిలో బయటికొస్తుంది. మా నాయనమ్మ ఎంత పట్నంలో ఉన్నా కాలికి దెబ్బ తగిలితే మాత్రం పుట్టింటి యాసలోనే అరిచేది.

ఐదో పని: ఒక ఇల్లు, ఒక పొద్దున

ఇప్పుడు అంట్ల ప్రశ్నకు వద్దాం. తొమ్మిదొందల ఏళ్ళు రోజూ ఇల్లు ఊడిస్తే 3,28,500 సార్లు ఊడ్చినట్టు. ఈ అంకె రాసుకున్న రోజు నాకు ఎల్ఫుల మీద జాలేసింది. మనకు విసుగు పుట్టేలోపు బతుకు అయిపోతుంది. వాళ్ళకు అలా కాదు. కాబట్టి చాకిరీని తగ్గించడమే వాళ్ళ అసలు కళ. కంచాలు ఎప్పుడో మానేశారు, ఆకుల్లో తింటారు. నేల కొంచెం వాలుగా ఉంటుంది, నీళ్ళు పోస్తే వాకిట్లోకి పోతాయి. వంటింటి వెనక అరటి చెట్లు.

వాకిలి దగ్గర గడప చూడండి. చెక్క గడప కాళ్ళకింద అరిగి అరిగి మధ్యలో దోనెలా అవుతుంది, అప్పుడు మారుస్తారు. ఆ ఇంట్లో ఇది నాలుగోది. కాలాన్ని కూడా అలాగే చెబుతారు: "అది రెండో గడప నాటి మాట." పాత గడపలను పారెయ్యరు, పెరట్లో బెంచీలుగా వేస్తారు. ఎవరి కాళ్ళ అరుగుదల మీద ఎవరు కూర్చుంటున్నారో పెద్దవాళ్ళకు తెలుసు.

పొయ్యి పక్కన తోడు గిన్నె. ఆ పెరుగు తోడు నాలుగొందల ఏళ్ళుగా తెగకుండా వస్తోంది. కోడలు పుట్టింటి నుంచి బంగారం తేకపోయినా తోడు తెస్తుంది, మూడేళ్ళ ప్రయాణంలో రోజూ పాలు దొరికించుకుని తోడేసుకుంటూ. రెండు తోడులు కలిపితే ఏ ఇంటి రుచీ కాకుండా పోతుందని వేరే గిన్నెల్లో ఉంచుతారు. అత్తగారు ఏ గిన్నెలోంచి వడ్డించింది అన్నదాన్ని బట్టి ఆ రోజు ఇంట్లో వాతావరణం తెలుస్తుంది. ఒకరోజు కోడలి గిన్నె విరిగిందనుకోండి. యుద్ధం రాయక్కర్లేదు మీకు, ఆ ఒక్క సంఘటన మీద ముప్ఫై పేజీలు నడుస్తుంది.

మీరు రాసేటప్పుడు ఇంట్లో వస్తువులన్నిటికీ వయసు వెయ్యండి. రోలుకు ఆరొందలు, తోడుకు నాలుగొందలు, చీపురుకు రెండు నెలలు. చీపురు కూడా ఆరొందల ఏళ్ళదైతే ఇల్లు మ్యూజియం అవుతుంది.

పెంచి కట్టేవి కూడా ఉండాలి. మేఘాలయలో ఖాసీలు రబ్బరు మర్రి వేళ్ళను వాగు మీదుగా లాగి, అల్లి, వంతెనలు పెంచుతారు. నడవడానికి తయారయ్యేసరికి పదిహేనేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. డెబ్భై ఏళ్ళు బతికే మనుషులే అంత ఓపిక పడితే, ఎల్ఫులు ఇంటి దూలాలను మొక్కగా ఉన్నప్పుడే వంచి పెట్టుకుంటారు. కొడుకు పుడితే చెట్టు నాటి, వాడికి నూరేళ్ళు నిండేసరికి అది ఇల్లవుతుంది.

ఆరో పని: ఎవరూ రిటైరవ్వని ఊళ్ళో ఉద్యోగాలు

జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్ళకోసారి కొత్తగా కడతారు. 2013లో కట్టింది 62వసారి. అలా కట్టడంలో ఒక లాభం, పాత వడ్రంగి చెయ్యి ఆగేలోపు కొత్తవాడికి పని అబ్బుతుంది. ఎల్ఫులకు దీనికి తిరగేసిన సమస్య. పెద్ద వడ్రంగి ఏడొందల ఏళ్ళుగా ఉన్నాడు, చెయ్యి వణకడం లేదు, శిష్యుడికి నాలుగొందలు దాటాయి, ఇంకా ఉలి నూరుతూనే ఉన్నాడు.

ఇక్కడ మన అరవై సంవత్సరాల చక్రం అక్కరకొచ్చింది. ప్రభవ నుంచి అక్షయ వరకు తిరిగొస్తే మనం షష్టిపూర్తి చేసుకుంటాం. పాతరేవులో ప్రతి అరవై ఏళ్ళకూ "దించడం" అనే పండగ. ఎవరి పనిముట్టు వాళ్ళు రచ్చబండ మీద దించేస్తారు. వంటావిడ గరిటె, వడ్రంగి ఉలి, గ్రామపెద్ద కర్ర. ఎత్తుకునేవాడు వేరే మనిషై ఉండాలి. చూడ్డానికి సంబరంగానే ఉంటుంది గానీ ముందు రాత్రి ఊళ్ళో చాలామందికి నిద్ర పట్టదు. దించిన ఉలిని కొత్తవాడు తప్పుగా పట్టుకుంటే పాత వడ్రంగి ఏమీ అనకూడదు. నోరు మూసుకుని గొర్రెలు కాసుకోవాలి, అరవై ఏళ్ళు.

ఏడో పని: దీవెనలు, తిట్లు తిరగెయ్యండి

ఇది సరదా పని, త్వరగా అయిపోతుంది. మనం "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు" అని దీవిస్తాం. ఎల్ఫు బిడ్డను అలా దీవిస్తే శాపం పెట్టారని తల్లి ఏడుస్తుంది. మనం "నీకు నూరేళ్ళు నిండాయిరా" అంటే బెదిరింపు. వాళ్ళలో అదే మాట అంటే పెళ్ళీడు వచ్చిందని, అబ్బాయి సిగ్గుపడతాడు. "ఆలస్యం అమృతం విషం" అన్న సామెత వాళ్ళకు అర్థమే కాదు. "పుష్కరానికోసారి కనపడతావు" అంటే మనకు దెప్పిపొడుపు, వాళ్ళకు అతి చనువు. మీకు గుర్తొచ్చిన పది సామెతలు రాసి, ఆయుష్షు మార్చి చదవండి. నాలుగైనా తిరగబడతాయి.

ఎనిమిదో పని: అప్పు, హద్దు, పగ

నూరు రూపాయలు ఏడాదికి నూటికి ఆరు చొప్పున చక్రవడ్డీకి ఇచ్చి మూడొందల ఏళ్ళ తర్వాత అడిగితే దాదాపు 390 కోట్లు కట్టాలి. అంటే ఎల్ఫు లోకంలో చక్రవడ్డీ ఉంటే రెండు మూడు ఇళ్ళ చేతిలో లోకమంతా ఉంటుంది. అది మీ కథకు కావాలంటే అలాగే ఉంచండి. వద్దంటే వడ్డీకి మూత వెయ్యండి. పాత హిందూ న్యాయంలో దామ్‌దుపట్ అనే నియమం ఉంది: ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు.

గడువులూ అంతే. మన చట్టంలో ఒకరి భూమి మీద ఇంకొకరు పన్నెండేళ్ళు బాహాటంగా పాతుకుపోతే అసలు యజమాని దావా వేసే హక్కు పోవచ్చు. ఎల్ఫు సంబంధం చూడ్డానికి రెండుసార్లు వెళ్ళొచ్చేసరికి పొలం పక్కవాడిదైపోతుంది. కాబట్టి గడువు మార్చాలి. పగలకు మాత్రం గడువు తప్పకుండా పెట్టండి. పాతరేవులో పగ ఉన్నవాడు పుష్కరానికోసారి నడివీధిలో నిలబడి దాన్ని గట్టిగా చెప్పాలి. చెప్పడం మరిచిపోతే పగ చెల్లదు. నాకు ఈ ఆచారంలో నచ్చేది, పక్కింటివాళ్ళు ఆ రోజు గుర్తు చెయ్యకుండా ఉండటానికి పడే పాట్లు.

తొమ్మిదో పని: చావు, మరపు

తొమ్మిదొందలు నిండి పోయినవాళ్ళను తప్పెట్లతో సాగనంపవచ్చు. రెండొందలకే నదిలో పోయినవాడి ఇంట్లో మాత్రం ఏడొందల ఏళ్ళ ఖాళీ. ఆ ఇంట్లో మైల పది రోజుల్లో తీరదు. అందుకే వీళ్ళు ధైర్యవంతులుగా ఉండరని నా నమ్మకం. బావులకు ఎత్తైన గోడలు, పడవలకు రెండేసి తాళ్ళు, చెట్టెక్కేవాడిని చూసి కళ్ళు మూసుకునే ఆడవాళ్ళు, మగవాళ్ళు.

అన్నీ గుర్తుంటాయని రాయకండి. మనకే పదేళ్ళ కిందటి మంగళవారం గుర్తుండదు. వాళ్ళు తమ మొదటి పెళ్ళిని సగం మరిచిపోయి ఉంటారు. పాతరేవులో ప్రతివాడికీ ఒక సాక్షి ఉంటాడు, తన బాల్యాన్ని గుర్తు పెట్టుకునే బాధ్యత వాడిది. ఏడాదికోసారి భోజనానికి పిలిచి, "నేను చిన్నప్పుడు ఎలా ఉండేవాణ్ణి?" అని అడుగుతారు. సాక్షి కొంచెం కలిపి చెబుతాడు. కలిపాడని ఇద్దరికీ తెలుసు.

చివరగా: పక్క ఊరి మనుషులు

ఎల్ఫుల బతుకు లోపలి నుంచి మామూలుగానే ఉంటుంది. ఎంత వింతో తెలియాలంటే మనిషి ఒకడు కావాలి. రాజుగారినో వీరుడినో తేకండి, కుండలమ్మే మనిషిని తీసుకురండి. పాతరేవు అవతలి గట్టున ఒకే కుమ్మరి కుటుంబం, తరానికి ముప్ఫై ఏళ్ళు వేసుకుంటే ఒక ఎల్ఫు ఇల్లాలి కాలంలో ముప్ఫై తరాలు కుండలు తెచ్చాయి. ఆవిడకు ముఖాలు కలిసిపోతాయి. అందర్నీ ఒకే పేరుతో పిలుస్తుంది, ఎప్పుడో మొదట వచ్చినవాడి పేరుతో.

ఆ కుటుంబంలో తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. కాబట్టి తరం విడిచి తరం ఆవిడ పిలుపు సరిపోతుంది. మధ్య తరంవాడు మొదటిసారి కావిడి దించినప్పుడు ఆవిడ ఆ పేరుతోనే పిలిచింది. వాడు సరిచేద్దామని నోరు తెరిచాడు. వెనక నిలబడ్డ వాళ్ళ నాన్న భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

"ఆఁ, వచ్చానమ్మా," అన్నాడు కుర్రాడు.